మా పేరు మీద పద్దు

మా నాయన పేరు అక్షరాల్లో రాసుండగా నేను మొట్టమొదట చూసింది ఆసామి పద్దుల పుస్తకంలో. అప్పుడు నేను ఆరో తరగతి. 1999 ఉగాది. జీతాలుండే ఇళ్ళల్లో ఉగాదికి పచ్చడి గుర్తుండదు, లెక్క గుర్తుంటది. పాత ఉగాది నుంచి కొత్త ఉగాదికి ఏడాది జీతం తెగుతుంది. ఏడాది పొడుగునా తెచ్చుకున్న వడ్లు, పండక్కి కోకకని తీసుకున్న డబ్బు, జొరమొస్తే ఆరెంపీకి ఇచ్చింది, అక్క పెళ్ళికి చేసిన అప్పు, దాని మీద వడ్డీ, అన్నీ ఆ పొద్దున ఆసామి అరుగు మీద కూర్చొని చదువుతాడు. మా నాయన అరుగు కింద తలగుడ్డ చేతిలో పట్టుకొని వింటాడు. "ఇంకా ఇంత తేలిందిరా" అంటాడు ఆసామి. ఎంత తేలినా మా నాయన "సరేనయ్యా" అంటాడు. ఆ తేలింది తీరడానికి మళ్ళీ ఉగాది దాకా జీతం. మా నాయన నాయనకీ అంతే.

ఆ ఏడు అమ్మ నన్ను వెంట పంపింది. "పిల్ల హాస్టల్లో చదువుతంది గదా, తీసకపో. ఏం రాశాడో వినుద్ది" అంది. నాయనకి ఇష్టం లేదు. అయినా తీసకపోయాడు.

అరుగు నా గడ్డం ఎత్తుండేది. ఆసామి పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకొని చదువుతున్నాడు. నాకు అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. అదేం కష్టం కాదు నాకు. హాస్టల్లో నలుగురికి ఒక్క పుస్తకం. చుట్టూ కూర్చొని చదివేవాళ్ళం. ఎదురుగా కూర్చున్నదానికి ఎప్పుడూ తలకిందులే. ఆ ఎదురుగా కూర్చునేది ఎక్కువసార్లు నేనే. అట్లా తలకిందులుగా చదువుకుంటూ పోతే సంకురాత్రికి రెండు బస్తాల వడ్లు అని పేజీ అడుగున ఉంది. ఆసామి పేజీ తిప్పాడు. అక్కడ మొదట్లోనే మళ్ళీ సంకురాత్రికి రెండు బస్తాలు.

"నాయనా, రెండు బస్తాలు రెండుసార్లు రాసుండయ్యి" అన్నా.

అరుగు మీద మాట ఆగిపోయింది. ఆసామి నన్ను చూశాడు, పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. కలం తీసి ఒకచోట కొట్టేశాడు. నవ్వాడు. "ఈ పిల్లని ఏం చదివిస్తన్నావురా?" అన్నాడు. మా నాయన నవ్వలేదు. దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మ సంబరపడి పళ్ళెంలో అన్నం పెడుతుంటే నాయన అన్నాడు: "రెండు బస్తాలు తగ్గినయ్యి. జీతం పోయింది."

అట్టాగే అయింది. మర్నాడు పొద్దున కబురొచ్చింది, పనికి రావద్దు, బాకీ కట్టేసి పొమ్మని. అమ్మ చెవులవి అమ్మింది. మిగిలింది అప్పు మార్చింది. నాయన చీమకుర్తి వైపు రాయి క్వారీకి పోయాడు. పన్నెండేళ్ళు ఆ దుమ్ములో చేశాడు. 2011లో దగ్గుతో దగ్గుతోనే పోయాడు. నేను నోరు మూసుకొని ఉంటే ఆయన పొలంలోనే ఉండేవాడా, ఇంకో పదేళ్ళు బతికేవాడా అని ఇప్పటికీ అనుకుంటా. లెక్క తప్పని చెప్పినందుకు ఎవరు ఖర్చయ్యారో నాకు తెలుసు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చదివిన పద్దుల పుస్తకాలు చాలా పెద్దవి. కానీ వాటిని తెరిచిన ప్రతిసారీ నాకు ఆ అరుగే కనిపించింది.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే మొదలు. 2014 డీయస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. మండల పరిషత్తు బడి. ఒకటి, రెండు తరగతులు నావే. చేరిన మొదటి నెల తోటి టీచర్లు "మనది 010 పద్దు గదా మేడం, జీతానికి భయం లేదు" అన్నారు. ఆంధ్రలో టీచరైన ప్రతివాళ్ళకీ తెలిసిన మాటే ఇది. 010 అంటే ప్రభుత్వ ఖాతాలో జీతాల పద్దు. వాళ్ళు ధైర్యం చెప్పడానికే అన్నారు. నాకు మాత్రం పద్దు అనే మాట చెవిన పడగానే కడుపులో తిప్పింది. మా ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. బాకీ.

కరోనాకి బళ్ళు మూసిన తర్వాతి ఏడాది ఒంగోల్లో ఒక మీటింగుకి పోయాను. దళిత విద్యార్థులు పెట్టుకున్న మీటింగు. ఖజానా శాఖలో రిటైరయిన పెద్దాయన ఒకరు వచ్చారు. ఉపన్యాసం చెప్తాడనుకున్నాం. ఆయన లాప్‌టాప్ తెరిచి గోడ మీద రాష్ట్ర బడ్జెట్ పుస్తకం వేశాడు. "ఇది ఎవరైనా చూడొచ్చు. దాచిపెట్టిందేం కాదు. అయినా మనోళ్ళు ఎవరూ చూడరు" అన్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు మీకూ చెప్తా. చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది కష్టమనుకోవద్దు. ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి రూపాయికీ ఒక చిరునామా ఉంటుంది, ఊరు, వీధి, ఇంటి నంబరు ఉన్నట్టు. మొదటి నాలుగంకెలు ఊరు. 2202 అంటే సాధారణ విద్య, నా జీతం ఉండే ఊరు. 2225 అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల సంక్షేమం, నేను తిన్న హాస్టలు అన్నం ఉన్న ఊరు. మొదటి అంకె రెండో మూడో అయితే రోజువారీ ఖర్చు. నాలుగో అయిదో అయితే కట్టడాలు, ఆస్తులు. ఆ ఊరి లోపల మూడంకెల వీధులుంటాయి. వాటిల్లో 789 అని ఒక వీధి. విద్యలో ఉంటుంది, రోడ్లల్లో ఉంటుంది, వ్యవసాయంలో ఉంటుంది. ఎక్కడ 789 కనిపిస్తే అక్కడ షెడ్యూల్డు కులాల వాటా. 796 కనిపిస్తే గిరిజనులది. అంకెల వరసలో అది ఎక్కడొస్తుందో చూడండి: నూట ఒకటి, నూట రెండు అన్నీ అయిపోయి, చివర్న 800 అని 'ఇతర ఖర్చులు' ఉంటుంది, దానికి కాస్త ముందు. ఊరి చివర మా పల్లె ఉన్నట్టే. బడ్జెట్‌లో కూడా ఊరికొక మాదిగపల్లె, మాలపల్లె ఉన్నాయని ఆ రాత్రి బస్సులో అనుకుంటూ వచ్చాను.

ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒకటో తరగతి పిల్లలకి నేను రోజూ పలక మీద దిద్దించే అంకెలే.

ఈ పల్లె ఊరికే కట్టింది కాదు. ప్రణాళికల పేరుతో కోట్లు ఖర్చవుతున్నా పల్లెలకి చేరింది లేదని తేలాక, 1970ల చివర్లో కేంద్రంలో పి.ఎస్. కృష్ణన్ లాంటి అధికారి పట్టుబట్టి ఎస్సీల కోసం స్పెషల్ కాంపొనెంట్ ప్లాను తెచ్చాడు. జనాభాలో మేం ఎంతమందిమో ప్రణాళిక డబ్బులో అంత వాటా, విడిగా రాసి చూపించాలి. మాట అది. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు 16.2 శాతం. కాగితం మీదైనా ఆ వాటా రాయించడానికి ఏళ్ళ తరబడి పోరాడాల్సి వచ్చింది. రాసిన డబ్బు ఎటు పోతుందో చెప్పడానికి ఒక్కటి చాలు: 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడల కోసం ఎస్సీ ఉపప్రణాళిక సొమ్ము ఏడు వందల కోట్లకు పైగా మళ్ళించారని సమాచార హక్కు కింద బయటపడితే, మళ్ళించిన మాట నిజమేనని కేంద్ర హోంమంత్రి పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. మా పిల్లలు పరిగెత్తడానికి బడిలో జాగా లేదు, మా డబ్బుతో స్టేడియాలు.

ప్రధాన కార్యదర్శిగా చేసిన కాకి మాధవరావు లాంటి వాళ్ళు ముందుండి నడిపిన ఉద్యమం వల్ల ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉపప్రణాళికకి చట్టం వచ్చింది. ఆ ఏటి చట్టాల్లో ఒకటో నంబరు. దేశంలో అట్లాంటి చట్టం అదే మొదటిది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసుకుంది, ఖర్చుకాని డబ్బు మరుసటేడుకి తేవాలని అందులో రాసుకుంది. ఆంధ్రలో చట్టానికి పదేళ్ళే ఆయుష్షు పెట్టారు. 2023 జనవరిలో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మధ్యలో 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర అనే తేడానే బడ్జెట్‌లో ఎత్తేశారు. ప్రణాళికే లేకపోతే ఉపప్రణాళిక దేనికి ఉప? ఆ ప్రశ్న అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడగలేదని నా అభిప్రాయం. మనం విగ్రహాల దగ్గర దండలేసే హడావిడిలో ఉన్నాం.

ఆ ఎండాకాలం సెలవుల్లో పనిపెట్టుకున్నాను. పుస్తకాలు నెట్‌లో ఉన్నాయి, నిజమే. ఉండటం వేరు, చదవనివ్వటం వేరు. పీడీఎఫ్‌ల్లో అంకెలు గోడకి కొట్టిన మేకుల్లాంటివి, ఊడి రావు. కొన్ని ఎక్సెల్లోకి ఎక్కించబోతే వరసలు కలగాపులగమయ్యాయి. చివరికి బడి నుంచి తెచ్చుకున్న పొడుగు నోటుబుక్కులో గీతలు కొట్టి చేత్తో రాసుకున్నా. ప్రతి పేజీలో నాలుగు నిలువు వరసలు. రెండేళ్ళ కిందటి 'లెక్కలు', పోయినేడాది బడ్జెట్ అంచనా, దాని సవరించిన అంచనా, ఈ ఏడాది అంచనా. పేపర్లో వచ్చేదీ, నాయకులు మైకులో చెప్పేదీ ఆ చివరి వరస. నిజంగా ఎంత ఖర్చయిందో ఉండేది మొదటి వరసలో. అంటే ఈ ఏడు ఇస్తామన్నది ఇచ్చారో లేదో పుస్తకంలో తెలియాలంటే రెండేళ్ళు ఆగాలి. రెండేళ్ళ తర్వాత ఎవడడుగుతాడు? మా ఆసామి ఏడాదికొకసారి చదివేవాడు, వీళ్ళు ఇంకో ఏడాది ఎక్కువ తీసుకుంటారు.

అమ్మ రోజూ వచ్చి వాకిట్లో కూర్చొని చూసేది. "ఏందే అంతలా రాస్తన్నావు, పరీక్షా?" అనేది.

రాసుకుంటూ పోతుంటే నాకు మొదట సంతోషమైంది. 789 కింద చాలా కనిపించింది. ఇంత ఇస్తున్నారా అనుకున్నా. తర్వాత పద్దుల పేర్లు చదవడం మొదలుపెట్టాను. అందరికీ ఉన్న పథకాలే. ఒకే పథకం మూడుచోట్ల ఉంది. మామూలు వీధిలో ఒకసారి, 789లో ఒకసారి, 796లో ఒకసారి. ఒక రొట్టెని మూడు ముక్కలు చేసి మూడిళ్ళ ముందు పెట్టి, మూడు రొట్టెలిచ్చామని చెప్పినట్టు.

బడిలో నా కళ్ళముందు జరిగిందే చెప్తా. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది. బిడ్డని బడికి పంపే పేద తల్లికి ఏడాదికి 15 వేలు. మా బడిలో చదివే మాదిగ పిల్ల తల్లికి పడ్డాయి. టౌనులో ప్రైవేటు బడికి పోయే పెద్దకులం పిల్ల తల్లికి, తెల్లకార్డుంటే, ఆమెకీ పడ్డాయి. పథకం మంచిదే. ఆ డబ్బుతో మా పల్లెలో బూట్లు కొన్నారు, అప్పులు కట్టారు, ఒకామె మేకపిల్లని కొనింది. దాన్ని నేనేమీ అనను. కానీ మా మాదిగ తల్లికి వచ్చిన డబ్బు ఎస్సీ ఉపప్రణాళిక ఖర్చుగా లెక్కకెక్కింది. రెండో తల్లిది అట్లా ఎక్కలేదు. ఇద్దరి చేతుల్లో ఒకే 15 వేలు. ఆమెకిచ్చింది సర్కారు ఖర్చు, మాకిచ్చింది మా వాటాలోంచి కోత.

మా చిన్నప్పుడు ఊళ్ళో టీ కొట్టు చూరులో మా గ్లాసులు వేరే చెక్కి ఉండేవి. టీ ఒకటే, డబ్బులు ఒకటే, గ్లాసు వేరు. తాగి మనమే కడిగి పెట్టాలి. నోటుబుక్కు మూసి ఆ రోజు ఇంక రాయలేదు.

అయితే ఒక సంగతి తెగేసి చెప్పాలి, లేకపోతే పొరపాటుపడతారు. వేరే పద్దు వద్దనడం తప్పు. వేరే పద్దు మనం అడిగిందే. 789 లేకపోతే మనకి సున్నా వచ్చినా కనిపించదు. 1994లో మా జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా అడిగింది కూడా లెక్కే: ఎస్సీల పేరున వచ్చిందాంట్లో ఎవరికెంత అని. (789లో ఆ లెక్క ఇప్పటికీ విడిగా కనపడదు. అది ఇంకో వ్యాసం.) అడిగింది అందరికీ ఇచ్చేదాని మీద అదనంగా, పల్లెకీ ఊరికీ ఉన్న తేడా పూడ్చేదానికి. చట్టంలో కూడా ఆ మాట ఉంది. ఎస్సీ మనిషికో, ఇంటికో, వాడకో నేరుగా, లెక్కకందేటట్టు మేలు జరగాలని. అదే చట్టంలో ఇంకోచోట, అందరి పథకాల్లోనూ ఎస్సీ లబ్ధిదారుల మేరకు వాటా రాసుకోవచ్చని, విడదీయరాని పెద్ద కట్టడాల్లో కొంత భాగం మా ఖాతాలో ఖర్చయినట్టే భావించవచ్చని కూడా ఉంది. ముందు తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు తెరిచిపెట్టారు. కర్ణాటక చట్టంలోనూ ఇట్లాంటి 'భావించే' క్లాజు 7-డి అని ఉండేది. అక్కడ అడగ్గా అడగ్గా 2023లో దాన్ని తీసేశారు. అడిగితే పోతుందన్నమాట.

ఆ ప్రభుత్వమా ఈ ప్రభుత్వమా అని మీటింగుల్లో నన్ను అడుగుతారు. నేను తిరగేసిన పుస్తకాల్లో జెండాలు మారాయి, ఈ పద్ధతి మారలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక మీటింగులో ఆవేశంగా ఒక అంకె చెప్పాను, ఇంత మళ్ళించారని. చప్పట్లు మోగాయి. ఆ ఖజానా పెద్దాయన వెనక వరసలోంచి లేచి, అందరి ముందు కాదు, బయట చెట్టు కిందికి పిలిచి, "అమ్మా, ఒక పట్టిక కోట్లల్లో ఉంది, ఇంకోటి వేలల్లో ఉంది. నువ్వు రెండూ కలిపేశావు" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. ఒకటో తరగతి పిల్లలకి ఒకట్లు, పదులు చెప్పేదాన్ని! "వాళ్ళు వెయ్యి తప్పులు రాసినా గుమాస్తా పొరపాటంటారు. మనం ఒక్క సున్నా తప్పితే మన జాతికి లెక్కలు రావంటారు" అన్నాడాయన. వచ్చే వారం అదే హాల్లో నిలబడి నా అంకె తప్పని చెప్పాను. అప్పుడు చప్పట్లు లేవు.

రాష్ట్రం సంగతి అట్లా ఉంచితే, మా ఊరి పద్దు కూడా చూడొచ్చని తెలిసింది. 2020 ఏప్రిల్లో కేంద్రం ఈ-గ్రామ్ స్వరాజ్ అని పెట్టింది. పంచాయతీలకి ఆర్థిక సంఘం డబ్బు ఎంతొచ్చింది, ఏ తారీకు ఏ పనికి ఎంత చెల్లించారు, ఓచర్లతో సహా కనిపిస్తాయి. 2023 దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఫోన్లో మా ఊరి పేరు కొట్టాను. చూస్తూ పోతే ఒక వరసలో ఎస్సీ కాలనీ సైడు కాలవ అని ఉంది. డబ్బు చెల్లించేశారు.

మా పల్లెలో సైడు కాలవ ఉంది. సగం. ఊళ్ళో నుంచి సిమెంటు కాలవ వచ్చి పల్లె మొదట్లో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఊరి మురుగంతా మా ఇళ్ళ మధ్య మట్టిలో పారుతుంది. వానొస్తే మా అమ్మ గడప దగ్గర ఇసక బస్తా పెడుతుంది.

"అమ్మా, మన పల్లె పేరు మీద పద్దు రాసుండాది, ఇదిగో" అని ఫోను చూపించాను.

అమ్మ మొహం మారిపోయింది. "మన పేరు మీదా? ఎంత బాకీ అంటనే?" అంది.

బాకీ కాదే, మనకిచ్చినట్టు రాశారు అని చెప్తే ఆమె నమ్మలేదు. డెబ్భై ఏళ్ళల్లో ఆమె పేరు మీద ఎవరు ఏది రాసినా అది ఆమె ఇవ్వాల్సిందే. ఆమెకి రావాల్సింది ఎవరైనా రాస్తారని ఆమెకెవరూ చెప్పలేదు. "మనం ఏలిముద్ర ఏశామా?" అని రెండుసార్లు అడిగింది.

మా అక్క కొడుకు ఇంటరు చదివి ఖాళీగా ఉన్నాడు. వాడి పేరు మీద సమాచార హక్కు అర్జీ పెట్టించాను. ఆ పని కొలతల పుస్తకం, ఎం బుక్కంటారు, దాని నకలు కావాలని. నేను ప్రభుత్వ ఉద్యోగిని, అడిగే హక్కు నాకూ ఉంది, కానీ భయపడ్డాను. పిల్లాణ్ణి ముందుపెట్టి నేను వెనక నిలబడ్డాను. అది రాసుకోకపోతే ఈ వ్యాసం రాయక్కర్లేదు. గడువు దాటాక కాగితం వచ్చింది. ఎం బుక్కులో కాలవ పొడుగు 150 మీటర్లు. ఆదివారం బడి టేపు తీసుకొని పల్లె పిల్లలతో కొలిపించాను. 62. పిల్లలు మళ్ళీ కొలిచారు. 62.

నాలుగు రోజులకి ఊరి పెద్దమనిషి ఒకాయన బడికొచ్చాడు. కుర్చీ వేశాను. "మేడం, మీరు పిల్లలకి లెక్కలు బాగా చెప్తారంట. చెప్పుకోండి. బయట లెక్కలెందుకు?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నేను పదకొండేళ్ళప్పుడు చూసిందే. ఆ తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు. "ఓచరు మీద సంతకం మీ పల్లె సర్పంచిదే. కంప్లైంటిస్తే పోయేది ఆమె. మీ ఇష్టం."

మా పంచాయతీ అప్పుడు ఎస్సీ మహిళకి రిజర్వు. 2021లో గెలిచిన సర్పంచి మా పల్లె ఆమె, నాకు వరసకి పిన్ని. మిరప కోతలకి పోయే మనిషి. గెలిచిన తర్వాత కూడా పోయింది. పంచాయతీ చెల్లింపులకి ఇప్పుడు సిరా సంతకం పనిచెయ్యదు, డిజిటల్ సంతకం కావాలి. బొటనవేలంత తాళం, కంప్యూటర్‌కి గుచ్చేది. పిన్ని తాళం పిన్ని దగ్గర లేదు. గెలిచిన వారంలోనే "నీకెందుకమ్మా, పారేసుకుంటావు" అని తీసుకున్నారు. అది ఎవరి బీరువాలో ఉందో ఊరందరికీ తెలుసు.

మూడు రాత్రులు నిద్రపోలేదు. లెక్క సరిగ్గా ఉంది. ఓచరుంది, కొలతల పుస్తకం ఉంది, టేపు ఉంది. తేలేది మాత్రం మా పిన్ని పేరు. నేను నోరు తెరిస్తే మళ్ళీ అరుగు కింద నిలబడ్డవాళ్ళే ఖర్చవుతారు. బయటపెట్టిన అంకెల్లో దొంగ చెయ్యి కనిపించదు, సంతకం పెట్టిన చెయ్యే కనిపిస్తుంది. చదువుకునే తమ్ముళ్ళు సోషల్ ఆడిట్ అనీ, పారదర్శకత అనీ వ్యాసాలు రాస్తారు. ఈ సంగతి కూడా రాయండి.

నాలుగో రోజు కాగితాలు తీసుకొని పిన్ని ఇంటికే పోయాను. పొయ్యి ముందు కూర్చోబెట్టి వరస వరసా చదివాను. కాలవొకటే కాదు, ఆమె సంతకంతో పోయిన ప్రతిదీ. వీధి దీపాలు, బ్లీచింగు, మోటారు రిపేర్లు. ఆమె వింటూ వింటూ మండే పుల్ల పొయ్యిలోంచి తీసి నీళ్ళల్లో ముంచింది. "ఇయ్యన్నీ నేను పెట్టినానా?" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. "మీ నాయన జీతం పోయినప్పుడు పల్లెంతా నిన్ను తిట్టింది తెలుసా? నేను గూడా తిట్టినా" అంది. నాకు తెలుసు.

మర్నాడు పిన్ని కోతకి పోలేదు. ఆ పెద్దమనిషి ఇంటికి పోయి వాకిట్లో నిలబడి తాళం అడిగింది. కనపడటం లేదన్నారు. మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి పోలేదు, మండలాఫీసుకి పోయింది. నేను రాసిచ్చిన అర్జీ మీద సంతకం పెట్టింది. ఆమెకి సంతకం వచ్చు, నామినేషన్ కోసం నేర్చుకుంది. నా తాళం నా దగ్గర లేదు, ఫలానా రోజు నుంచి దాంతో జరిగేదానికి నాది బాధ్యత కాదు, కొత్తది ఇప్పించండి అని. అర్జీ రాసింది టీచరేనని అక్కడున్నవాళ్ళకి చూడగానే అర్థమైంది. నా చేతిరాత నేను దాచలేదు. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. ఏ చర్యా లేదని కూడా రాసివ్వలేదు, ఫైలు ఎక్కడో అట్లాగే ఉంది.

పిన్నిని కూలికి పిలవడం మానేశారు. ఆ మిరప కారు మొత్తం పల్లె ఆడోళ్ళు పక్కూరికి ఆటోలో పోయారు, పిన్నితో పాటు. ఇది నేను ఊహించలేదు. 1999లో మా నాయనతో ఎవరూ పోలేదు.

కాలవ పని మళ్ళీ మొదలైంది, ఎవరు చెప్పి మొదలుపెట్టారో తెలియదు. ఇంకో నలభై మీటర్లు పోసి ఆపేశారు. మిగిలిన మట్టి కాలవ మా అమ్మ ఇంటి ముందు నుంచే పోతుంది. ఓచరు మాత్రం ఇప్పటికీ 150కే ఉంది.

కొత్త తాళం రావడానికి నెలలు పట్టింది. వచ్చాక పిన్ని దాన్ని కొంగున ముడేసుకుంది. ఎప్పుడు పంచాయతీ నుంచి ఫోనొచ్చినా ముందు మా ఇంటికి వచ్చేది. 2024 డిసెంబరులో ఒక రాత్రి, మేం అన్నాలు తింటుండగా వచ్చింది. కార్యదర్శి చెల్లింపులకి రమ్మన్నాడని, జాబితా ఫోన్లో పంపాడని చెప్పింది. అమ్మ ఆమెకి పీట వేసింది. నేను చెయ్యి కడుక్కొని ఫోను తీసుకున్నా. పదకొండు ఓచర్లు. పిన్ని నా పక్కన కూర్చోలేదు, ఎదురుగా కూర్చొని, అక్షరాలు తలకిందులుగా కనిపిస్తుంటే అంకెల మీద వేలు పెట్టింది.

"ఇది ఏడా, తొమ్మిదా? మొదటినుంచి చదువు" అంది.